సంయుక్త సూక్ష్మదర్శిని: వినియోగం, సంరక్షణ – అనంతపురం క్షయ కార్యక్రమం నేపథ్యంలో

నేపథ్యం

దేశంలో జిల్లా క్షయ కార్యక్రమానికి తొలి నమూనా జిల్లా అనంతపురం. 1959లో బెంగళూరులో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థ రూపొందించిన విధానాన్ని 1961లో ఇక్కడే మొదట అమలు చేసి చూశారు. ఆ అనుభవంతోనే 1962లో జాతీయ క్షయ కార్యక్రమం దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనకు ముందు నేటి శ్రీ సత్యసాయి జిల్లా ప్రాంతం కూడా అనంతపురం జిల్లాలోనే ఉండేది. పెన్నా తీరంలోని తాడిపత్రి విభజన తర్వాత కూడా అనంతపురం జిల్లాలోనే ఉంది.

అంతకుముందు క్షయ వైద్యమంటే శానిటోరియం, ఎక్స్‌రే. రోగి నెలల తరబడి ఆసుపత్రిలో ఉండక తప్పదని భావించేవారు. మద్రాసులో 1956లో ఏర్పడిన క్షయ ఔషధ చికిత్సా కేంద్రం పరిశోధన ఈ భావనను మార్చింది. ఇంటి వద్ద మందులు వాడినవారికీ శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా నయమవుతుందని 1959లో తేలింది. చికిత్స ఊళ్లోకి వచ్చాక రోగ నిర్ధారణ కూడా ఊరికి దగ్గరగా రావాలి. ఎక్స్‌రే యంత్రాన్ని ప్రతి ఆరోగ్య కేంద్రానికీ చేర్చడం అప్పటి ఆర్థిక స్థితిలో అసాధ్యం. సూక్ష్మదర్శినిని చేర్చవచ్చు.

అందుకే జిల్లా కార్యక్రమంలో ఆరోగ్య కేంద్రాలను మూడు రకాలుగా విభజించారు. అవి ఎక్స్‌రే కేంద్రాలు, మైక్రోస్కోపీ కేంద్రాలు, రిఫరల్ కేంద్రాలు. ఎక్స్‌రే కేంద్రాల్లో ఎక్స్‌రే, కళ్లె పరీక్ష రెండూ జరిగేవి. మైక్రోస్కోపీ కేంద్రాల్లో కళ్లె పరీక్ష మాత్రమే చేసేవారు. రిఫరల్ కేంద్రాలు స్మియర్ (స్లయిడుపై పూసిన కళ్లె పూత) తయారుచేసి గానీ, రోగిని గానీ పై కేంద్రానికి పంపేవి. ఎడతెగని దగ్గుతో తానుగా వచ్చిన రోగిని పరీక్షించడం, క్షయ సేవలను సాధారణ ఆరోగ్య సేవల్లో కలపడం, ఇంటి వద్దే చికిత్స అందించడం ఈ కార్యక్రమానికి మూల సూత్రాలు. 1993లో సవరించిన జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం ప్రయోగాత్మకంగా మొదలై, 1997 నుంచి విస్తరించింది. 2020లో దానికి జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం అని పేరు పెట్టారు. సవరించిన కార్యక్రమంలో లక్ష జనాభాకు ఒక మైక్రోస్కోపీ కేంద్రం ప్రమాణం. గిరిజన, కొండ ప్రాంతాల్లో ఇది 50 వేల జనాభాకు ఒకటి.

ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకూ, జీవశాస్త్ర ఉపాధ్యాయ పోస్టులకూ సిద్ధమయ్యేవారు సూక్ష్మదర్శిని అధ్యాయాన్ని పటంలో భాగాలు గుర్తించడంతో ముగిస్తారు. అది చాలదు. కళ్లె పరీక్షలో ఒక కటకం మసకబారితే ఒక రోగికి జబ్బు లేదని రాసిచ్చినట్టే.

నిర్వచనం, చారిత్రక క్రమం

రెండు కటక వ్యవస్థలు వరుసగా పనిచేసి అతిసూక్ష్మ వస్తువును పెద్దదిగా చూపే పరికరమే సంయుక్త సూక్ష్మదర్శిని. వస్తువుకు దగ్గరగా ఉండేది వస్తుకటకం, అంటే ఆబ్జెక్టివ్. కంటికి దగ్గరగా ఉండేది అక్షికటకం, అంటే ఐపీస్. ఒకే కటకం ఉంటే అది సరళ సూక్ష్మదర్శిని.

1590 ప్రాంతంలో హాలెండ్‌కు చెందిన కళ్లద్దాల తయారీదారులు జాన్సెన్‌లు దీన్ని రూపొందించారని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. రాబర్ట్ హుక్ 1665లో ప్రచురించిన మైక్రోగ్రాఫియాలో బెరడు ముక్కలోని గదులను కణాలని పిలిచాడు. లీవెన్‌హుక్ సూక్ష్మజీవులను చూసింది మాత్రం ఒకే కటకం గల సరళ సూక్ష్మదర్శినితో. అభ్యర్థులు అత్యధికంగా పొరబడేది ఇక్కడే. సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపగల ఆయన పరికరం సంయుక్త సూక్ష్మదర్శిని కాదు. 1830లో జోసెఫ్ జాక్సన్ లిస్టర్ కటకాల రంగు దోషాన్ని, గోళీయ దోషాన్ని తగ్గించే పద్ధతి చూపాడు. 1873లో ఎర్నెస్ట్ అబ్బే పృథక్కరణ హద్దును సిద్ధాంతీకరించాడు. 1893లో ఆగస్ట్ కోలర్ సమమైన కాంతినిచ్చే విధానాన్ని వివరించాడు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని 1931లో నిర్మించిన ఎర్నెస్ట్ రుస్కాకు నోబెల్ బహుమతి వచ్చింది 1986లో.

1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయ బాక్టీరియాను కనుగొన్నట్టు బెర్లిన్‌లో ప్రకటించాడు. ఆ తేదీయే ప్రపంచ క్షయ దినం. అబ్బే కండెన్సర్, నూనె కటకం చేతికి వచ్చాకే కాక్‌కు ఆ బాక్టీరియా స్పష్టంగా కనిపించింది. కనుక 1873, 1882 సంవత్సరాలను విడివిడిగా కాక ఒకే వరుసలో గుర్తుంచుకోవడం మేలు.

   

నిర్మాణం

యాంత్రిక భాగాలు: పీఠం, భుజం, వేదిక అంటే స్టేజి, దానిపై స్లయిడును జరిపే మెకానికల్ స్టేజి, కటకాలను తిప్పే నోస్‌పీస్, స్థూల సర్దుబాటు మర, సూక్ష్మ సర్దుబాటు మర. దృశ్య భాగాలు: అక్షికటకం, వస్తుకటకాలు, కండెన్సర్, ఐరిస్ డయాఫ్రమ్, దర్పణం లేదా దీపం.

దర్పణానికి ఒకవైపు సమతలం, రెండోవైపు పుటాకారం. కండెన్సర్ ఉన్నప్పుడు సమతల దర్పణం వాడాలి. కండెన్సర్ లేనప్పుడు పుటాకార దర్పణం వాడాలి. సూర్యకాంతిని నేరుగా దర్పణంపైకి తిప్పకూడదు. అది కంటికి ప్రమాదం. ఎండ మండిపోయే సీమ బడుల్లో పిల్లలకు పరికరం ఇచ్చే ముందే ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలి.

వస్తుకటకం ఏర్పరచేది నిజ, తలకిందుల, వృద్ధి చెందిన ప్రతిబింబం. దాన్ని అక్షికటకం సరళ సూక్ష్మదర్శినిలా పెద్దది చేస్తుంది. తుది ప్రతిబింబం మిథ్యా ప్రతిబింబం. వస్తువుతో పోల్చితే తలకిందులుగా ఉంటుంది. అందుకే స్లయిడును కుడికి జరిపితే దృశ్యం ఎడమకు జరుగుతుంది.

మొత్తం ఆవర్ధనం రెండు కటకాల ఆవర్ధనాల లబ్ధం. 10 రెట్ల అక్షికటకంతో 4, 10, 40, 100 రెట్ల వస్తుకటకాలు వరుసగా 40, 100, 400, 1000 రెట్లు ఇస్తాయి. కటకాల చుట్టూ ఉండే రంగు వలయాలు కూడా ప్రశ్నగా రావచ్చు. సాధారణంగా 4కు ఎరుపు, 10కి పసుపు, 40కి లేత నీలం, 100కు తెలుపు.

పృథక్కరణ సామర్థ్యం

పక్కపక్కనున్న రెండు బిందువులను రెండుగా వేరుచేసి చూపగల శక్తి పృథక్కరణ సామర్థ్యం. పరికరం విలువను నిర్ణయించేది ఇదే. ఆవర్ధనం రెండో స్థానంలో ఉంటుంది. అబ్బే సూత్రం ప్రకారం వేరుగా కనిపించగల కనిష్ఠ దూరం, కాంతి తరంగదైర్ఘ్యాన్ని న్యూమరికల్ అపెర్చర్‌కు రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. న్యూమరికల్ అపెర్చర్ అంటే వస్తువుకూ కటకానికీ మధ్యనున్న యానకం వక్రీభవన గుణకాన్ని, కటకంలోకి ప్రవేశించే కాంతి శంకువు అర్ధకోణపు సైన్ విలువతో గుణించగా వచ్చేది.

సాధారణంగా 4, 10, 40, 100 రెట్ల వస్తుకటకాలకు ఈ విలువ వరుసగా 0.10, 0.25, 0.65, 1.25 ఉంటుంది. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిలో 100 రెట్ల నూనె కటకానికి లెక్క కడితే 550ని 2.5తో భాగించాలి. ఫలితం 220 నానోమీటర్లు, అంటే సుమారు 0.2 మైక్రోమీటర్లు. క్షయ బాక్టీరియా పొడవు 2 నుంచి 4 మైక్రోమీటర్లు, వెడల్పు 0.2 నుంచి 0.5 మైక్రోమీటర్లు. వెడల్పు విషయంలో ఈ జీవి కాంతి సూక్ష్మదర్శిని హద్దు అంచునే ఉంది. కటకంపై వేలిముద్ర జిడ్డు పడినా, కండెన్సర్ అంగుళం కిందికి దిగి ఉన్నా ఈ హద్దు చేరుకోవడం కుదరదు.

ఉపయుక్త ఆవర్ధనం న్యూమరికల్ అపెర్చర్‌కు 500 నుంచి 1000 రెట్ల మధ్య ఉండాలి. 1.25కు గరిష్ఠంగా 1250 రెట్లు. అంతకు మించితే ప్రతిబింబం పెరుగుతుంది గానీ కొత్త వివరం కనిపించదు. దీన్ని శూన్య ఆవర్ధనం అంటారు.

వినియోగ క్రమం

పరికరాన్ని ఎత్తేటప్పుడు ఒక చేత్తో భుజాన్ని పట్టుకుని, రెండో చేతిని పీఠం కింద ఉంచాలి. స్టేజి పట్టుకుని ఎత్తకూడదు. కదలని, బల్ల అంచుకు దూరంగా ఉన్న చోట పెట్టాలి. దీపాన్ని కనిష్ఠ కాంతి వద్ద ఉంచి స్విచ్ వేయాలి, ఆ తర్వాత కాంతి పెంచాలి.

ఎప్పుడూ తక్కువ శక్తి గల వస్తుకటకంతోనే ప్రారంభించాలి. స్లయిడును క్లిప్పులో బిగించాక పక్క నుంచి చూస్తూ స్టేజిని కటకానికి దగ్గరగా తేవాలి. తర్వాత అక్షికటకంలో చూస్తూ స్థూల మరతో స్టేజిని కటకం నుంచి దూరం జరుపుతూ దృశ్యాన్ని పట్టుకోవాలి. క్రమం ఇదే, దీనికి వ్యతిరేకంగా చేయరాదు. అక్షికటకంలో కన్ను పెట్టి స్టేజిని పైకి తెచ్చేవారు స్లయిడు పగలగొట్టాకే ఆగుతారు. 40 రెట్ల కటకం దృష్టి కేంద్రంలో ఉన్నప్పుడు దానికీ కవర్‌స్లిప్‌కూ మధ్య దూరం సుమారు అర మిల్లీమీటరు. 100 రెట్ల కటకానికి అది 0.1 మి.మీ.కు అటూఇటూ. కవర్‌స్లిప్ ప్రామాణిక మందం 0.17 మి.మీ. అంటే నూనె కటకం పనిచేసే ఖాళీ ఒక కవర్‌స్లిప్ మందం కన్నా తక్కువ. 40, 100 రెట్ల కటకాల కింద స్థూల మరను ముట్టకూడదనే నియమానికి కారణం ఈ అంకెలే.

వస్తుకటకం మార్చినా దృశ్యం దాదాపు ఫోకస్‌లోనే ఉండే గుణాన్ని పార్‌ఫోకల్ గుణం అంటారు. కటకం మార్చేటప్పుడు నోస్‌పీస్ వలయాన్ని పట్టుకుని తిప్పాలి. కటకాలనే పట్టుకుని తిప్పితే కాలక్రమంలో వాటి అక్షం తప్పుతుంది.

రెండు అక్షికటకాల పరికరంలో ముందు కనుపాపల దూరాన్ని సరిచేసి రెండు వృత్తాలు ఒకటిగా కనిపించేలా చేయాలి. కుడి కంటితో మాత్రమే చూస్తూ సూక్ష్మ మరతో దృశ్యం స్పష్టం చేసి, తర్వాత మరను కదపకుండా ఎడమ అక్షికటకంపై ఉన్న డయాప్టర్ వలయాన్ని తిప్పి ఎడమ కంటికి సరిచేయాలి. వలయం కుడివైపు ఉన్న పరికరాల్లో కళ్ల క్రమం మారుతుంది. ఈ సర్దుబాటు వదిలేసినవారికే మధ్యాహ్నానికి తలనొప్పి వస్తుంది.

కాంతి తీవ్రతను డయాఫ్రమ్‌తో తగ్గించడం సర్వసాధారణమైన తప్పు. డయాఫ్రమ్ పని వైరుధ్యాన్ని (కాంట్రాస్ట్‌ను) నియంత్రించడం. కాంతిని తగ్గించాల్సింది దీపపు మరతో. డయాఫ్రమ్‌ను మరీ మూస్తే వైరుధ్యం పెరిగినట్టు కనిపిస్తుంది గానీ పృథక్కరణ సామర్థ్యం పడిపోతుంది. నూనె కటకం వాడేటప్పుడు కండెన్సర్ పూర్తిగా పైకి, డయాఫ్రమ్ బాగా తెరిచి ఉండాలి. రంగు వేయని తడి స్లయిడుకు మాత్రం డయాఫ్రమ్ కొంత మూయాలి.

నూనె కటకం

గాలి వక్రీభవన గుణకం 1.00, గాజుది సుమారు 1.52, నిమజ్జన నూనెది 1.515. స్లయిడు నుంచి గాలిలోకి వచ్చే కాంతి వక్రీభవనం చెంది కటకానికి దూరంగా పోతుంది. గాజుతో దాదాపు సమానమైన నూనె మధ్యలో ఉంటే ఆ కిరణాలు వంగకుండా కటకంలోకి వెళ్తాయి. గాలిలో న్యూమరికల్ అపెర్చర్ 1ని మించదు. నూనెతోనే 1.25 సాధ్యం.

స్లయిడుపై ఒక్క చుక్క చాలు. నూనె పుల్లగానీ డ్రాపర్ గానీ స్మియర్‌ను తాకకూడదు. తాకితే ఒక రోగి బాక్టీరియా నూనె సీసాలోకి, అక్కడి నుంచి మరో రోగి స్లయిడుపైకి చేరి తప్పుడు పాజిటివ్ వస్తుంది. నూనె వేశాక 40 రెట్ల కటకానికి వెనక్కి తిప్పకూడదు. అది నూనెలో మునిగి మసకబారుతుంది, దానికి నూనె పట్టదు. మరో చోటు వెతకాలంటే స్లయిడునే జరపాలి. సెడార్ నూనె ఆరితే గట్టిపడుతుంది. కనుక పని ముగిసిన వెంటనే తుడవాలి, రేపటికి వాయిదా వేయరాదు.

కళ్లె పరీక్ష, ఫలితాల వర్గీకరణ

జీల్ నీల్సన్ పద్ధతిలో 1 శాతం కార్బాల్ ఫుక్సిన్ పోసి ఆవిరి వచ్చేదాకా వేడిచేసి 5 నిమిషాలు ఉంచాలి, మరిగించరాదు. తర్వాత 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో రంగు పోగొట్టాలి. చివర 0.1 శాతం మిథిలీన్ బ్లూ వేయాలి. కణ కవచంలోని మైకోలిక్ ఆమ్లాల వల్ల క్షయ బాక్టీరియా ఆమ్లానికి కూడా ఎరుపును వదలదు. నీలి నేపథ్యంలో ఎర్రని సన్నని కడ్డీలుగా కనిపిస్తుంది.

నూనె కటకంలో ఒక్కో క్షేత్రంలో సగటున 10కి పైగా బాక్టీరియా ఉంటే 3 ప్లస్, 20 క్షేత్రాలు చూడాలి. క్షేత్రానికి 1 నుంచి 10 ఉంటే 2 ప్లస్, 50 క్షేత్రాలు చూడాలి. 100 క్షేత్రాల్లో కలిపి 10 నుంచి 99 ఉంటే 1 ప్లస్. 100 క్షేత్రాల్లో 1 నుంచి 9 ఉంటే స్వల్పం, ఆ సంఖ్యనే రాయాలి. 100 క్షేత్రాల్లో ఒక్కటీ లేకుంటేనే నెగటివ్.

100 అనే సంఖ్య వెనుక ఉన్న లెక్క తెలిస్తే ఎవరూ 30 క్షేత్రాలకే ఆపరు. ఐపీస్ క్షేత్ర సంఖ్య 18 అయితే నూనె కటకంలో క్షేత్ర వ్యాసం 18ని 100తో భాగించగా 0.18 మి.మీ. ఒక్కో క్షేత్ర వైశాల్యం సుమారు 0.025 చ.మి.మీ. వంద క్షేత్రాలు కలిపితే 2.5 చ.మి.మీ. స్మియర్ 2 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. వెడల్పు అనుకుంటే దాని వైశాల్యం 200 చ.మి.మీ. అంటే వంద క్షేత్రాలు ఓపికగా చూసినా పరిశీలించింది స్మియర్‌లో వందింట రెండు వంతులకు లోపే. మిల్లీలీటరు కళ్లెలో 5 నుంచి 10 వేల బాక్టీరియా ఉంటేగానీ ఈ పరీక్షకు దొరకదు. నెగటివ్ అని రాయడానికి ఎక్కువ సమయం పట్టాలి, పాజిటివ్ రాయడానికి తక్కువ పడుతుంది.

ఆరమిన్ రంగుతో ఎల్ఈడీ ఫ్లోరెసెన్స్ సూక్ష్మదర్శిని తక్కువ ఆవర్ధనంలో ఎక్కువ ప్రాంతం చూపుతుంది. ఇప్పుడు నిర్ధారణకు సీబీనాట్, ట్రూనాట్ వంటి జన్యు పరీక్షలకే ప్రాధాన్యం. కాని అవి మృత బాక్టీరియా జన్యు పదార్థాన్నీ గుర్తిస్తాయి. అందువల్ల చికిత్స పురోగతి చూడడానికి స్మియర్ పరీక్ష ఇంకా అవసరమే.

సంరక్షణ: సికింద్రాబాద్ అనుభవం

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనాఫిలస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. 1902లో నోబెల్ పొందాడు. ఆ పరిశోధన చేస్తున్న రోజుల్లో నుదుటి చెమట, చేతి చెమట తగిలి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయని, మిగిలిన ఒకే ఒక అక్షికటకమూ పగిలిందని ఆయనే రాసుకున్నాడు. కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వేయించుకోలేదు. ఈ ఉదంతాన్ని పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. పరికర సంరక్షణ కోణంలో చూస్తే చెమటలోని ఉప్పు, తేమ లోహానికి ఏం చేస్తాయో చెప్పే తొలి పాఠం కూడా ఇదే. చేతులు కడిగి, ఆరబెట్టుకుని పరికరాన్ని ముట్టాలి.

తాడిపత్రి పరిస్థితుల్లో సంరక్షణ

అనంతపురం జిల్లా వర్షచ్ఛాయా ప్రాంతం. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. కోస్తా ప్రయోగశాలల్లో కటకానికి మొదటి శత్రువు బూజు. తాడిపత్రిలో మొదటి శత్రువు ధూళి. నల్ల సున్నపురాయి బండలు కోసి పాలిష్ పట్టే యూనిట్లున్న ఊరిలో గాలిలో రాతి పొడి ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి చేరే సిలికా ధూళి సిలికోసిస్‌ను కలిగిస్తుంది, సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం ఎక్కువ. కటకాన్ని గీసేదీ, కటకం కింద రోగిని కూర్చోబెట్టేదీ ఒకే దుమ్ము కావచ్చు.

మోస్ కాఠిన్య శ్రేణిలో సున్నపురాయిలోని కాల్సైట్ 3, గాజు సుమారు 5.5, ఇసుకలోని క్వార్ట్జ్ 7. సున్నపురాయి పొడి ఒక్కటే అయితే గాజుకన్నా మెత్తన. అందులో కలిసిన ఇసుక రేణువు గాజును గీస్తుంది. అందుకే ధూళి ఉన్న కటకాన్ని నేరుగా తుడవరాదు. మొదట రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, తర్వాత మెత్తని బ్రష్ వాడాలి, చివర లెన్స్ పేపర్‌తో తుడవాలి. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి. చొక్కా అంచు, దూది, గాజుగుడ్డ, మామూలు కాగితం పనికిరావు. నూనె జిడ్డుకు పొడి లెన్స్ పేపర్‌తో పీల్చి, ఆపై ఈథర్, ఆల్కహాల్ మిశ్రమంతో కొద్దిగా తడిపిన పేపర్‌తో తుడవాలి. మధ్య నుంచి అంచుకు, వృత్తాకారంలో. ద్రవాన్ని కటకంపై పోయకూడదు. జైలీన్ అధికంగా తగిలితే కటకాలను కలిపిన జిగురు కరుగుతుంది. ఈథర్ మంటకు వెంటనే అంటుకుంటుంది కనుక రంగులేసే స్పిరిట్ దీపం దగ్గర ఈ పని చేయరాదు.

అక్షికటకం ఉండే గొట్టాన్ని ఖాళీగా ఉంచకూడదు. తీసి పక్కన పెట్టే అవసరమొస్తే ఆ రంధ్రానికి మూత పెట్టాలి. గొట్టంలో పడ్డ ధూళి ప్రిజమ్‌పై చేరుతుంది, అక్కడికి వాడేవారి చేయి వెళ్లదు. వస్తుకటకాన్ని విప్పడం శిక్షణ పొందిన మెకానిక్ పని.

వేసవిలో 40 డిగ్రీలు దాటే గదిలో పాత గ్రీజు గట్టిపడి స్థూల మర బిగుసుకుంటుంది. కొబ్బరినూనె, కుట్టు మిషను నూనె వేయరాదు, బలంగా తిప్పరాదు. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో మాత్రం ఇక్కడా బూజు భయం ఉంటుంది. పెట్టెలో సిలికా జెల్ ఉంచాలి. కోబాల్ట్ సూచిక ఉన్న జెల్ పొడిగా ఉన్నప్పుడు నీలం, తేమ పీల్చాక గులాబీ. వేడి చేస్తే మళ్లీ నీలమవుతుంది.

హాలోజన్ దీపాన్ని వేళ్లతో తాకితే చర్మపు జిడ్డు వద్ద వేడి పేరుకుని గాజు చిట్లుతుంది. కరెంటు ఎక్కువ తక్కువలు ఉండే ఊళ్లలో స్టెబిలైజర్ వాడాలి. ఆపేటప్పుడు కాంతిని కనిష్ఠానికి తెచ్చి స్విచ్ తీయాలి. దీపం చల్లారాకే తొడుగు వేయాలి. పని ముగిశాక తక్కువ శక్తి గల కటకాన్ని మధ్యకు తెచ్చి, స్టేజిని దించి ఉంచాలి.

దోష నిర్ధారణ

దృశ్యంలో మచ్చ కనిపిస్తే ముందు అక్షికటకాన్ని తిప్పాలి. మచ్చ తిరిగితే మురికి అక్షికటకంపై ఉంది. స్లయిడు జరిపితే మచ్చ జరిగితే అది స్లయిడుపై ఉంది. కండెన్సర్‌ను కొద్దిగా దించినప్పుడు మచ్చ మసకబారితే దీపం లేదా కండెన్సర్ వద్ద ఉంది. ఇవేవీ కాకుండా వస్తుకటకం మార్చగానే మాయమై, తిరిగి తెస్తే వస్తే, లోపం వస్తుకటకానిదే. సగం క్షేత్రం చీకటిగా ఉంటే నోస్‌పీస్ క్లిక్ మనే చోటికి రాలేదు. 10 రెట్ల కటకంతో స్పష్టంగా కనిపించిన స్లయిడు 40తో ఎంత తిప్పినా స్పష్టం కాకపోతే కటకాన్ని అనుమానించే ముందు స్లయిడు తలకిందులుగా పెట్టారేమో చూడాలి. స్లయిడు మందం 1 మి.మీ.కు పైనే, ఆ కటకానికి దొరికే దూరం అంతకన్నా తక్కువ.